నాన్న వైపు రక్తం

మా ఇంట్లో ఏది చెడినా దానికి కారణం మా నాన్నే అని తేల్చేయడం అమ్మమ్మకు అలవాటు. మిరప తోటకు బొబ్బర తెగులు సోకినా, గేదె పాలు తగ్గించినా, ఆమె మాట ఊరంతా తిరిగి చివరికి నాన్న దగ్గరికే వచ్చి ఆగేది. నాన్నది ముప్పాళ్ళ దగ్గర పల్లె. తాతయ్య పోయేనాటికి ఇంట్లో మగదిక్కు మా మామ ఒక్కడే, అతనూ అప్పటికి బడికి కూడా వెళ్ళని పసివాడు. సేద్యం చూసుకోవడానికని నాన్నను ఇల్లరికం తెచ్చుకున్నారు. గురజాల పక్కనున్న మా ఊళ్ళో ఆయన తన వయసంతా ఆ పొలానికే పోశాడు. అయినా అమ్మమ్మకు ఆయన చివరిదాకా బయటి మనిషే.

ఆయన మీద ఆమెకున్న ఫిర్యాదులన్నిటిలోకీ పెద్దది నేను.

పుట్టినప్పుడు బాగానే ఉన్నానట. నడక నేర్చే వయసుకు పాలిపోయాను. కళ్ళు పచ్చబడ్డాయి, చెంపల ఎముకలు పైకి లేచాయి, ఎడమ డొక్కలో గట్టిగా వాపు తేలింది. ఊరు దానికి పాండురోగం అని పేరు పెట్టింది. మాచర్ల వైపు ఒక ఊళ్ళో పసరు పోసే మనిషి ఉన్నాడంటే అమ్మమ్మ నన్ను చంకనేసుకుని తిరిగింది. పరగడుపున చేదు పసరు, ఆ తర్వాత ఉప్పు లేని పత్యం. నేను చావలేదు. అలాగని బాగుపడనూ లేదు. చావకపోవడాన్నే బాగుపడటం కింద జమకట్టి ఆ పసరాయన నన్ను తన గొప్పగా చెప్పుకునేవాడు. అమ్మమ్మ అంతకంటే ఎక్కువగా చెప్పుకునేది.

పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. కాలేజీకి గురజాల దాకా నడిచే ఓపిక నాకు లేదు, రోజూ బండి కట్టి పంపే ఓపిక ఇంట్లో వాళ్ళకు లేదు. నా ఈడు పిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోతుంటే నేను వసారాలో గోడకు ఆనుకుని మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చునేదాన్ని. గడప దాటితే ఆయాసం, దాటకపోతే అమ్మమ్మ. పచ్చకళ్ళ పిల్లను ఎవరు చేసుకుంటారని చుట్టాలు నా ముందే మాట్లాడుకునేవాళ్ళు. రోగిష్టి మనిషికి చెవులు కూడా పనిచేయవని వాళ్ళ నమ్మకం కాబోలు.

"మా వంశంలో ఇట్టాంటి పిల్ల ఎవురికీ పుట్టలా. ఇది వాళ్ళ నాయన వైపు రక్తం," అనేది అమ్మమ్మ.

ఆ మాట నాకు తగిలినంతగా మా అక్క జీవితానికీ తగిలింది. అక్క నాకంటే పెద్దది, ఆరోగ్యంగా ఉండేది, పొలంలో మగవాళ్ళతో సమానంగా పని చేసేది. బయటి సంబంధాలు బోలెడు వచ్చాయి. అమ్మమ్మ ఒక్కటీ పడనివ్వలేదు. బయటి రక్తం ఇంట్లోకి తెచ్చుకుంటే ఏమవుతుందో రోజూ వసారాలో కళ్ళ ముందే కనిపిస్తోంది కదా అని నా వైపు చెయ్యి చూపించేది. రక్తం శుభ్రంగా ఉండాలంటే పిల్లను ఇంట్లోనే ఇచ్చుకోవాలి అంది. అలా అక్కను మా మామకే, అంటే మా అమ్మ సొంత తమ్ముడికే ఇచ్చి చేశారు. మా వైపు అదేమీ వింత కాదు. మేనమామ ఉండగా బయటి వాడిని వెతికితేనే నలుగురూ వింతగా చూస్తారు. మామ మంచివాడు, అక్కకూ ఇష్టమే. పెళ్ళిలో నవ్వని మనిషి నేనొక్కదాన్నే. నా మొహం ఎప్పుడూ అంతే ఉంటుందని ఎవరూ పట్టించుకోలేదు.

అక్క పెళ్ళి చేసుకుని ముందు గదిలోంచి వెనక గదిలోకి మారింది. అమ్మమ్మే అత్తగారయింది, అమ్మ ఆడబిడ్డయింది. ఆడపిల్లకు కష్టం వస్తే ఏడుస్తూ పుట్టింటికి వెళ్తుంది. అక్క ఏడుస్తూ వెళ్ళాల్సి వస్తే మధ్య తలుపు దాటి ఇవతలికి రావాలి, అంతే.

పాప పుట్టింది. ఎనభైల దశకం సగం దాటిన రోజులు. పాకే వయసు కూడా రాకముందే బిడ్డ తెల్లగా సున్నం కొట్టినట్టు అయిపోయింది. పాలు తాగడానికి కూడా ఆయాసపడేది. నాకు ఆ వయసులో ఇంత లేదని అమ్మ ఒకటికి పదిసార్లు అంది. నరసరావుపేటలో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె బిడ్డ కళ్ళు చూసి, పొట్ట నొక్కి, రక్తం పరీక్షకు గుంటూరు పంపించింది. ఫలితం వచ్చాక తలసీమియా అంది. ఇది అంటించుకుంటే వచ్చేది కాదు, పుట్టుకతో వచ్చేది, నెలనెలా రక్తం ఎక్కిస్తేనే బిడ్డ ఉంటుంది అని చెప్పింది. ఎన్ని నెలలని మామ అడిగాడు. "అలా ఎక్కిస్తూనే ఉండాలి," అందామె.

ఆ నెలనుంచి పేట బస్సు మా బతుకైపోయింది. అక్కకు తోడు నేను వెళ్ళేదాన్ని, ఇంట్లో పనికిరాని మనిషిని నేనే కాబట్టి. సీసాలోంచి రక్తం చుక్కచుక్కగా దిగుతుంటే పాప పెదాలకు రంగు రావడం చూసేవాళ్ళం. సాయంత్రానికి అది నవ్వేది, నా జడ లాగేది. మళ్ళీ నెల తిరిగేసరికి వాడిపోయేది. అక్క ఒళ్ళో అది తల వాల్చేసే రోజు వచ్చిందంటే బస్సెక్కే రోజు వచ్చినట్టే.

రక్తం ఇచ్చేవాళ్ళను మేమే తెచ్చుకోవాలి. ఊళ్ళో రక్తం ఇస్తే మగతనం పోతుందని ఒకడు, చూపు పోతుందని ఇంకొకడు. కాలవ నీళ్ళ కోసం గొడ్డళ్ళు పట్టుకుని ఒకరి రక్తం ఒకరు కళ్ళజూసే మొనగాళ్ళు సూది చూస్తే మాయమయ్యేవాళ్ళు. నేనిస్తానంటే డాక్టరమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసి, "నీకే ఎవరైనా ఇవ్వాలేమో," అంది. ఒక నెల ఎవరూ దొరక్క నాన్నా మామా ఇద్దరూ వచ్చారు. ముందు ఇద్దరి వేళ్ళూ పొడిచి చూశారు. ఇద్దరి రక్తమూ పలచగా ఉందని, తీసుకోలేమని చెప్పేశారు. ఆ రోజు ఎవరో కాలేజీ కుర్రాడు పుణ్యం కట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక సంగతి విన్న అమ్మమ్మ, మామ విషయం చెవికెక్కించుకోకుండా, నాన్న విషయం మాత్రం పట్టుకుంది. "చెప్పలా నేను? అల్లుడి రక్తం నీళ్ళని," అంది. నాన్న కండువా దులిపి భుజానేసుకుని పొలం వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఏం చెప్పను? పచ్చకళ్ళతో నేను ఎదురుగా నిలబడితే ఆమెకు ఇంకో సాక్ష్యం ఇచ్చినట్టే అయ్యేది.

డాక్టరమ్మ మాత్రం ఆ ఇద్దరి పలచటి రక్తాన్నీ అలా వదిలేయలేదు. నాకూ అక్కకూ నాన్నకూ మామకూ అమ్మకూ, అందరికీ రక్తం తీసి పరీక్షకు పంపింది. తర్వాతి నెల పాపకు సీసా పెట్టి, మామ టీకి వెళ్ళినప్పుడు అక్కనూ నన్నూ దగ్గర కూర్చోబెట్టుకుని, నాకున్నదీ పాప జబ్బేనని చెప్పింది. ఆమెదీ రైతు కుటుంబమే. "మీ పొలానికి సాగర్ కాలవేనా?" అని అడిగింది.

"ఆఁ, చివరి భూములండి," అంది అక్క.

"తూము దగ్గర షట్టరు చూసే ఉంటావు. మంచి రక్తం తయారు కావడానికి ప్రతి మనిషికీ అలాంటి షట్టర్లు రెండుంటాయనుకో. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. మీ అమ్మమ్మ ఇంట్లో తరతరాలుగా వస్తున్న ఒక షట్టరు పూర్తిగా మూసుకుపోయింది. చుక్క దిగదు. మీ అమ్మకు అదొకటి, మంచిది ఒకటి. మీ మామకూ అంతే, నీకూ అంతే. ఒకటి బాగుంటే పొలం పారుతుంది. రక్తం కాస్త పలచగా ఉంటుంది తప్ప జబ్బుండదు."

"మరి నా బిడ్డకో?" అంది అక్క.

"మూసుకుపోయినవే రెండూ వచ్చాయమ్మా. నీనుంచి ఒకటి, మీ ఆయన నుంచి ఒకటి. రెండూ ఒకే ఇంటివి."

అక్క తల వంచుకుంది. నేను ఆగలేకపోయాను. "అదే జబ్బు నాకూ ఉందంటిరి గదండీ. నేనెట్టా బతికా మరి?"

"మీ నాన్నదీ పాడైన షట్టరే. కానీ పాడైన చోటు వేరు. పూర్తిగా దిగలేదు, మధ్యలో ఇరుక్కుంది, అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మీ అమ్మ ఇచ్చింది మూసుకుపోయింది, నాన్న ఇచ్చింది కారుతోంది. నువ్వు ఆ కారే నీళ్ళ మీద పెరిగావు. అది ఏ రకం తప్పో తేల్చే పరీక్ష మన దగ్గర లేదు. నిన్ను చూసి చెప్తున్నాను."

జన్యువు, ఉత్పరివర్తనం అనే మాటలు నేను చాలా ఏళ్ళ తర్వాత పుస్తకాల్లో చదివాను. ఒకే జన్యువులో తప్పు ఒక చోట పడితే రక్తం బొత్తిగా తయారు కాదని, ఇంకో చోట పడితే కొంచెం తయారవుతుందని, ఆ కొంచెంలోనే ప్రాణం ఉందని అక్కడ పెద్ద పెద్ద మాటల్లో రాసి ఉంది. ఆ రోజు నాకు అర్థమయింది ఒక్కటే. పుట్టినప్పటి నుంచి ఏ రక్తాన్ని తిడుతూ నన్ను పెంచారో, నన్ను బతికించింది ఆ రక్తమే. నాన్న కూడా మా ఇంటివాడే అయ్యుంటే నేను పాపలాగా ఉండేదాన్ని. అప్పట్లో నెలనెలా రక్తం సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి, అసలు ఉండేదాన్నే కాదు.

సంతోషం పట్టలేక, ఇంటికి వెళ్ళగానే అమ్మమ్మ మొహం మీద చెప్పాలని బస్సులో మాటలు పేర్చుకుంటూ కూర్చున్నాను. పిడుగురాళ్ళ దాటాక, వెనక సీట్లో మామ కునుకు తీస్తుంటే, అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఇంట్లో చెప్పమాకే," అంది.

"ఎందుకు చెప్పగూడదు?"

"చెప్తే ఏమైద్దో నీకు తెలవదు. మా పెళ్ళే తప్పని చెప్పినట్టు గాదూ? పాప మొహం చూసినప్పుడల్లా మామకు అదే గుర్తొచ్చుద్ది. నేను యాడికి పోయేది?"

చెప్పనని మాటిచ్చాను. ఇంటికి వెళ్ళి మళ్ళీ మిరపకాయల ముందు కూర్చున్నాను. అమ్మమ్మ నాన్నను తిట్టినప్పుడల్లా నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు ఉండేది.

ఆ తర్వాతి నెలే అమ్మమ్మ అడ్డం తిరిగింది. పేటకు వెళ్ళే రోజు పొద్దున ప్రయాణం వద్దంది. ఎదిగే పిల్లకు ఊరివాళ్ళ రక్తమంతా ఎక్కించి ఏం చేద్దామని అడిగింది. మాచర్ల పసరాయనకు కబురు పెట్టానంది. అమ్మ తలూపింది. మామ అక్క వైపు చూశాడు, అమ్మమ్మ వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. "చిన్నది రక్తం ఎక్కించుకోకుండానే ఇంతదయింది గదా. ఒక నెల చూద్దాం," అన్నాడు.

పసరాయన వచ్చాడు. వసారాలో నన్ను నిలబెట్టి, చూడటానికొచ్చిన ఇరుగుపొరుగుకు నా చేతులూ కళ్ళూ చూపించాడు. "ఇదే జబ్బు. నా చేతి మందుతోనే ఇంత మడిసైంది," అన్నాడు. అందరూ నన్ను చూసి ధైర్యం తెచ్చుకున్నారు. నేను ఎంత నిటారుగా నిలబడితే పాపకు అంత ప్రమాదం. కళ్ళు తిరిగి పడిపోతే బాగుండునని ఆ క్షణంలో నిజంగా కోరుకున్నాను. పాపిష్టి ఒళ్ళు ఆ రోజే ఆరోగ్యంగా ఉంది.

నెల నిండింది, ఆ పైన రోజులు గడుస్తున్నాయి. పాప జడ లాగడం మానేసింది. పసరు తాగలేక కక్కేసేది. పెదాలకూ చెంపలకూ తేడా తెలియడం లేదు. పక్కటెముకలు ఎగిరెగిరి పడుతుంటే అక్క రాత్రీ పగలూ ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. తగ్గేముందు ఒకసారి పెరుగుతుందని పసరాయన చెప్పిపోయాడట. నాకు తగ్గే ముందు ఏం పెరిగిందో నాకైతే గుర్తులేదు.

ఒక పొద్దున పాప కళ్ళు తెరిచింది గానీ అక్కను గుర్తుపట్టలేదు. అక్క నా వైపు చూసింది. ఆ చూపులోనే నేనిచ్చిన మాట వెనక్కి ఇచ్చేసింది.

అందరూ పెరట్లోనే ఉన్నారు. నాన్న గిత్తకు దాణా పెడుతున్నాడు. మామ పళ్ళు తోముకుంటున్నాడు, అమ్మ కళ్ళాపి చల్లుతోంది, అమ్మమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నేను మధ్యలో నిలబడి చెప్పేశాను. షట్టర్ల సంగతి, ఎవరి నుంచి ఎవరికి ఏది వచ్చిందో, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు. పసరు నన్ను బతికించలేదని, నాన్న ఇచ్చిన అరకొర రక్తమే బతికించిందని చెప్పాను. పాపకు ఆ అరకొర కూడా లేదని, ఈ రోజు పేట వెళ్ళకపోతే రేపు వెళ్ళే పని ఉండదని చెప్పాను. చెప్తూ చెప్తూ అరిచాను కూడా.

నాన్న దాణా బుట్ట కింద పెట్టేశాడు. తిట్లు పడటమే అలవాటైన మనిషి, ఇలాంటి మాటను ఎలా అందుకోవాలో తెలియక గిత్త మెడ నిమురుతూ నిలబడ్డాడు. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. మామ నోట్లో వేపపుల్ల అలాగే ఉండిపోయింది.

అమ్మమ్మ ఏడవలేదు. అబద్ధమంటుందని, డాక్టర్లకేం తెలుసంటుందని అనుకున్నాను. అలాంటిదేమీ అనలేదు. నన్ను దగ్గరికి రమ్మంది. చిన్నప్పటి నుంచి ఆమెను మూర్ఖురాలని అనుకుంటూ వచ్చాను. ఆ పొద్దున తెలిసింది, మా ఇంట్లో అందరికంటే తెలివిగలది ఆమేనని. చెప్పింది మొత్తం ఒక్కసారికే అర్థం చేసుకుంది.

"నా కొడుకులో ఒకటి బాగుందంటివి. ఔనా?"

"ఔను."

"దీనిలో ఒకటి బాగుంది." అక్క వైపు గడ్డం చూపించింది. "ఇద్దరికీ చెడ్డది ఒకటే గనక వచ్చింది తంటా."

"ఔను."

"అయితే నా కొడుక్కి బయటి పిల్లను చేస్తే, పుట్టే బిడ్డలు బాగుంటారనేగా?"

పెరట్లో అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. బయటివాళ్ళలోనూ ఒక్కోసారి ఉంటుంది, మా నాన్నలో లేదా అని ఏదో గొణిగాను. "ఎప్పుడో ఒకరికిగా?" అంది అమ్మమ్మ. ఆ ప్రశ్నకు డాక్టరమ్మ ఏం చెబుతుందో నాకు తెలుసు. అక్కకూ తెలుసు. అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను.

"చెప్పవే," అంది అక్క. గోడకు ఆనుకుని కూర్చుని, పాప తలను మోచేతి మీద సర్దుకుంటూ అంది. "డాక్టరమ్మ చెప్పిందే చెప్పు. అది అబద్ధమంటే ఇంకేదీ నమ్మరు."

"ఔను," అన్నాను.

అమ్మమ్మ తలూపింది. కొడుకు వైపు తిరిగి, "బస్సు టైమైంది. బిడ్డను తీసుకుని బయల్దేరు," అంది.

మామ నోరు కడుక్కుని వచ్చి అక్క ఒళ్ళోంచి పాపను ఎత్తుకున్నాడు. అక్క మొహంలోకి చూడలేదు. ఆ సాయంత్రం పేటలో ఇద్దరు మనుషుల రక్తం ఎక్కించాక పాప అక్కను గుర్తుపట్టింది. ఆ తర్వాత ఒక్క నెల కూడా ప్రయాణం ఆగలేదు. పసరాయన మళ్ళీ మా గడప తొక్కలేదు. నాన్నను ఎవరూ ఏమీ అనలేదు. ఇంట్లో ఆ తిట్లు వినపడకపోవడం నాకు కొన్నాళ్ళు కొత్తగా ఉండేది.

ఆ వేసవిలోనే అమ్మమ్మ మామ రెండో పెళ్ళికని వినుకొండ వైపు సంబంధాలు వాకబు చేయడం మొదలుపెట్టింది. మాకు ఏ రకంగానూ చుట్టరికం తగలని ఇల్లయి ఉండాలని వచ్చినవాళ్ళతో గట్టిగా చెప్పేది. మామ ఔననలేదు, కాదనలేదు. వచ్చినవాళ్ళకు అక్కే మంచినీళ్ళిచ్చేది, అన్నం వడ్డించేది. నెల తిరిగి బస్సెక్కాక, పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని నన్ను ఒక్కటే అడిగేది.

"ఈసారి రక్తమిచ్చేవాళ్ళు దొరుకుతారంటావా?"